బరువు, షుగర్ కోసం ఇసబ్‌గోల్, మెంతులు: మూడు నెలలు ఎలా వాడాలి, ఎప్పుడు ఆపాలి

హన్మకొండలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడితే ఒక ప్రశ్న దాదాపు రోజూ వినిపిస్తుంది. ఫోన్‌లో ఒక డబ్బా బొమ్మ చూపించి, "అక్కా, ఇది వాడితే పొట్ట తగ్గుతదంట, నిజమేనా?" అని అడుగుతారు. డబ్బా మీద ఆకులు, పూలు, సన్నటి నడుము ఉంటాయి. లోపల ఏముందో మాత్రం సూది మొనంత అక్షరాల్లో ఉంటుంది.

మొక్కల నుంచి వచ్చేవాటిలో షుగర్, కొలెస్ట్రాల్, ఆకలి విషయంలో చెప్పుకోదగ్గ ఆధారం ఉన్నవి రెండూ చవక సరుకులే. ఒకటి ఇసబ్‌గోల్ పొట్టు, రెండోది మెంతులు. ఇవి కూడా కొంచెమే సాయం చేస్తాయి. రోజుకు 10 గ్రాముల ఇసబ్‌గోల్ పొట్టు భోజనానికి ముందు తీసుకుంటే నాలుగైదు నెలల్లో సగటున రెండు కిలోల దాకా తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో కనబడింది. మరికొన్నింటిలో బరువు కదలనే లేదు. చెడు కొలెస్ట్రాల్ మీద మాత్రం దాని పనితనం బాగానే రుజువైంది. ఈ మాట ముందే ఎందుకంటే, నెలకు పది కిలోలు అనుకుని మొదలుపెట్టేవాళ్లు మూడో వారంలో మానేస్తారు.

డబ్బా కంటే ముందు టేపు

దర్జీ వాడే టేపు ఒకటి తీసుకోండి. పొద్దున ఏమీ తినకముందు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలి కొలవండి. చీర కుచ్చిళ్ల మీద నుంచి, డ్రాయర్ బొందు మీద నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. మన దేశపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే దాదాపు ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువైనట్టు లెక్క.

తర్వాత బరువు. మన వైపు చాలామంది ఆడవాళ్లకు తమ బరువు కచ్చితంగా తెలిసేది రెండేళ్లకోసారి, మేడారం జాతరకు నిలువెత్తు బంగారం తూచేటప్పుడే. బెల్లం లెక్కకు అది చాలు గానీ, ఈ పనికి వారానికోసారి తూచుకోవాలి. అదే మిషన్, అదే రోజు, పొద్దున్నే. ఐదడుగుల ఒక అంగుళం ఎత్తున్న మనిషికి 55 కిలోలు దాటితే అధిక బరువు, 60 దాటితే ఊబకాయం కిందికి వస్తుంది. ఇవి మనలాంటి ఆసియా వాళ్ల కోసం పెట్టుకున్న హద్దులు. తెల్లవాళ్లకు పెట్టిన హద్దుల కంటే తక్కువ, ఎందుకంటే మనకు తక్కువ బరువులోనే షుగర్ పట్టుకుంటుంది.

అన్నట్టు, 70 కిలోల మనిషి అందులో ఐదు శాతం, అంటే మూడున్నర కిలోలు తగ్గినా షుగర్, బీపీ, పీసీఓడీ అనే అండాశయాల సమస్య ఉన్నవాళ్లలో నెలసరి మెరుగుపడటం మొదలవుతుంది. పెళ్లినాటి జాకెట్టు పట్టేదాకా ఆగనక్కర్లేదు.

పరీక్షలు: ఒక్కసారి చేయించుకుంటే సగం టెన్షన్ పోతుంది

పరగడుపు షుగర్, రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్. ఈ ఐదూ చాలు. పరగడుపు షుగర్ 100 లోపు, హెచ్‌బీఏ1సీ 5.7 లోపు ఉంటే మామూలు. 126, 6.5 దగ్గర నుంచి షుగర్ జబ్బు కింద లెక్క. మధ్యలో ఉన్నవాళ్లకూ ఈ పొట్టూ గింజలూ పనికొస్తాయి. రక్తం బాగా తక్కువగా ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. అందుకే హిమోగ్లోబిన్ కూడా చూడమంటున్నాను.

వీటికి ప్రైవేటు ల్యాబులోనే చేయించుకోవాలని లేదు. మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, బస్తీ దవాఖానలోనో అడగండి. 2023లో మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో ఆడవాళ్ల పరీక్షలు ప్రత్యేకంగా పెట్టారు. మీ ఊళ్లో ఏ కేంద్రంలో, ఏ రోజు చూస్తున్నారో ఆశా కార్యకర్తకు తెలిసి ఉంటుంది.

నెలసరి రెండు మూడు నెలలు రాకపోయినా, గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నా, మెడ వెనక నల్లగా మందంగా అవుతున్నా పొడులతో మొదలుపెట్టకండి. ముందు గైనకాలజిస్టుకు చూపించండి. ఏ కారణం లేకుండా కొద్ది నెలల్లోనే బరువు పెరిగితే థైరాయిడో, కీళ్లనొప్పులకు ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలో కారణం కావచ్చు. ఊళ్లలో ఆ రెండోది మీరనుకునే దానికంటే ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి పోయినవాళ్లు, ఇప్పుడు ఎంత ఆరోగ్యంగా కనిపిస్తున్నా, షుగర్ పరీక్ష అప్పుడప్పుడూ చేయించుకుంటూనే ఉండాలి.

ఎవరు వాడకూడదు

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు మెంతులను మందు మోతాదులో తీసుకోవద్దు. కూరలో, తొక్కులో పడే చిటికెడుతో ఇబ్బంది లేదు. పల్లీలు, శనగలు పడనివాళ్లకు మెంతులు కూడా పడకపోవచ్చు. గొంతులో ముద్ద సరిగా దిగనివాళ్లు, పేగుకు ఆపరేషన్ అయినవాళ్లు, పేగు అడ్డుపడిన చరిత్ర ఉన్నవాళ్లు ఇసబ్‌గోల్ జోలికి పోవద్దు. రక్తం పలుచబడే వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు మెంతుల ముందు డాక్టర్‌ను అడగాలి.

ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడుతున్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. మెంతులు తోడైతే షుగర్ మరీ కిందికి పోవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, ఆ తర్వాత డాక్టర్‌తో మాట్లాడండి. మాత్రను మీ అంతట మీరు తగ్గించుకోవద్దు.

రెండింట్లో ఏది

మలబద్ధకం ఉండి, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంటే ఇసబ్‌గోల్. తిన్న తర్వాత షుగర్ ఎగబాకుతుంటే మెంతులు. రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి. కడుపు ఉబ్బితే దేనివల్లో తెలియదు. మూడు నెలలు ఒకటే.

రెండూ పనిచేసే తీరు దాదాపు ఒకటే. నీళ్లలో జిగురుగా మారే పీచు వీటిలో ఉంటుంది. అది కడుపులో అన్నంతో కలిసి చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. కడుపు నిండిన భావం కాసేపు ఎక్కువ నిలుస్తుంది. పిత్తరసాన్ని పట్టుకుని బయటికి పంపడం వల్ల, కొత్త పిత్తరసం చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. ఇక్కడ కొవ్వు కరిగించడం అనేది ఎక్కడా లేదు.

ఇసబ్‌గోల్ ఎలా మొదలుపెట్టాలి

పెద్ద స్టీలు గ్లాసులో 250 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. పొట్టు వేసి చెంచాతో తిప్పి, వెంటనే తాగేయండి. ఫోన్ వచ్చిందని పక్కన పెడితే రెండు మూడు నిమిషాల్లో గ్లాసు వంచినా జారనంత ముద్దవుతుంది. అప్పుడు అది గొంతు దిగదు. చాలామంది మానేయడానికి కారణం రుచి కాదు, ఈ ఆలస్యమే. తాగిన వెంటనే ఇంకో అర గ్లాసు నీళ్లు తాగాలి. పొడి పొట్టు నోట్లో వేసుకుని నీళ్లు తాగే పద్ధతి ప్రమాదం, గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది.

మోతాదు దగ్గర అందరూ తప్పే చేస్తారు. పొట్టు చాలా తేలిక. టీస్పూన్ తలకొట్టి తీసుకుంటే రెండు గ్రాములు కూడా ఉండకపోవచ్చు. 5 గ్రాములంటే సుమారు ఒక టేబుల్‌స్పూన్. పొడి చేసి అమ్మేదైతే అదే చెంచాలో దాదాపు రెట్టింపు బరువు పడుతుంది. కిరాణా షాపులో చిన్న కాంటా మీద ఒక్కసారి 5 గ్రాములు తూపించుకుని, మీ ఇంటి చెంచాలో ఎంత వస్తుందో చూసిపెట్టుకోండి.

మొదటి వారం రాత్రి భోజనానికి పది నిమిషాల ముందు ఒక టీస్పూన్. రెండో వారం అదే పూట 5 గ్రాములు. కడుపు ఒప్పుకుంటే మూడో వారం నుంచి మధ్యాహ్న భోజనానికి ముందు ఇంకో 5 గ్రాములు. అక్కడ ఆపండి. గ్యాస్, ఉబ్బరం మొదట్లో మామూలే. అందుకే తొందరపడొద్దంటున్నాను. నీళ్లు తక్కువ తాగితే మలబద్ధకం తగ్గకపోగా ఎక్కువవుతుంది. మన వైపు మే నెల ఎండల్లో ఈ సంగతి ఇంకా గుర్తుండాలి. చక్కెర కలిపిన ఆరెంజ్ రుచి పొడి కొనకండి, చక్కెర తగ్గించుకోవడానికే కదా ఈ తంటా.

మెంతులు ఎలా

మెంతుల్లో వంద గ్రాములకు 47 గ్రాముల పైనే పీచు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మెంతుల మీద 1980ల నుంచే పరీక్షలు చేసింది. వాళ్లు వాడిన మోతాదులు రోజుకు 25 గ్రాములు, కొన్నిట్లో వంద గ్రాములు కూడా. అందుకే నానబెట్టిన పది గింజలు మింగి షుగర్ తగ్గలేదంటే ఆ తప్పు మెంతులది కాదు. అలాగని ఒక్కసారే 25 గ్రాములకు పోతే పూటంతా బాత్రూంలోనే ఉంటారు.

రాత్రి ఒక టీస్పూన్ మెంతులు నానబెట్టి, పొద్దున నీళ్లు తాగి గింజలు పారబోసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. జిగురు పీచు ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. పారబోసింది అసలు సరుకు. గింజలు నమిలి మింగాలి. చేదు పడకపోతే దోరగా వేయించి పొడి కొట్టుకోండి. మాడితే చేదు రెట్టింపు, కాబట్టి రంగు కాస్త మారి వాసన రాగానే దించేయాలి. అర టీస్పూన్‌తో మొదలుపెట్టి, రెండు వారాల్లో మధ్యాహ్నం ఒక టీస్పూన్, రాత్రి ఒక టీస్పూన్ చేయండి. ఇది రోజుకు సుమారు 8 గ్రాములు. అంతకు మించి పోవాలంటే డాక్టర్‌నో డైటీషియన్‌నో అడిగి పోండి.

మజ్జిగలో కలిపి తాగడం తేలిక. జొన్నపిండిలో కలిపి రొట్టె కొడితే చేదు దాదాపు తెలియదు. సర్వపిండిలో నువ్వులు, పల్లీల పక్కన అది ఉన్నట్టే తెలియదు గానీ, నూనె లెక్క చూసుకోవాలి. మెంతికూర మంచిదే, ఈ పని మాత్రం గింజది. చెమటలో, మూత్రంలో మెంతివాసన వస్తే కంగారు పడకండి. అది మెంతుల సహజ గుణం.

మాత్రలతో కలిసే వేళలు

షాపులో నేను కాగితం మీద రాసిచ్చేది ఎక్కువగా ఇదే. థైరాయిడ్ మాత్రను జిగురు పీచు పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. పొద్దున ఆరింటికి మాత్ర వేసుకునేవాళ్లు పదింటి వరకు ఇసబ్‌గోల్, మెంతులు ఏవీ ముట్టొద్దు. అంటే పరగడుపున మెంతుల నీళ్లు, థైరాయిడ్ మాత్ర రెండూ ఒకే ఇంట్లో, ఒకే మనిషికి పొసగవు. ఈ ఒక్క మార్పుతోనే టీఎస్‌హెచ్ దారికొచ్చినవాళ్లు ఉన్నారు. ఐరన్, కాల్షియం, బీపీ, గుండె మాత్రలకు కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. మధ్యాహ్నం, రాత్రి భోజనాల ముందే పీచు తీసుకుంటే ఈ లెక్కలన్నీ చాలామందికి వాటంతటవే సర్దుకుంటాయి.

పళ్లెం మారకపోతే

వంద గ్రాముల తెల్ల బియ్యంలో పీచు మూడు గ్రాములు కూడా లేదు. అంతే జొన్నల్లో పది గ్రాములు. రాత్రి అన్నం బదులు రెండు మంచి జొన్నరొట్టెలు, పక్కన ఆనపకాయ కూరో, పెసరపప్పు ఆకుకూరో పెట్టుకుంటే రోజుకు ఏడు గ్రాముల పీచు అదనంగా వచ్చినట్టే. ఇసబ్‌గోల్ రెండు పూటలా తాగినా పీచు దాదాపు అంతే వస్తుంది. అయితే ఇది జిగురు పీచు, జొన్నలది ఎక్కువ భాగం మామూలు పీచు, కాబట్టి ఒకదానికి ఇంకొకటి బదులు కాదు. కానీ ఒక్కటే చేయగలనంటే నేను రొట్టెకే ఓటు వేస్తాను. మక్క గట్క, అంబలి తిని పెరిగిన తరానికి ఈ పొడులు ఎవరూ అమ్మలేదు.

రోజుకు ఐదుసార్లు చాయ్, ప్రతిసారీ రెండు చెంచాల చక్కెర అయితే ఈ ప్రయత్నమంతా దండగ. సంక్రాంతి సకినాల డబ్బా గురించి నేనేమీ అనను, మీకే తెలుసు.

నడక వారంలో 150 నిమిషాలు. భద్రకాళి బండ్ మీదో, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనో, మీ ఊరి చెరువుకట్ట మీదో. మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగం ఉండాలి. బయటికి పోయే వీలు లేనివాళ్లు రాత్రి భోజనం తర్వాత ఇంట్లోనే పావుగంట తిరిగినా తిన్న తర్వాతి షుగర్ తగ్గుతుంది.

అయినా డబ్బానే కొనాలనుకుంటే

లేబుల్ మీద మొదట చూడాల్సింది మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు. ఆయుర్వేద మందైతే ఆ మాట, తయారీ లైసెన్స్ నంబరు ఉండాలి. రెండూ లేకుండా కొరియర్‌లో వచ్చే పొడి వెనక్కి పంపేయండి. లైసెన్స్ ఉన్నంత మాత్రాన బరువు తగ్గిస్తుందని ఎవరూ హామీ ఇచ్చినట్టు కాదు, తయారుచేసినవాడి ఆచూకీ దొరుకుతుంది, అంతే. శాకాహారం అనుకుని కొన్న క్యాప్సూల్ పైతొడుగు జంతువుల నుంచి తీసే జెలటిన్‌ది కావచ్చు, ఆకుపచ్చ గుర్తు చూసుకోండి.

రెండోది, ఏ మొక్క ఎన్ని మిల్లీగ్రాములో విడివిడిగా రాశారా? "ప్రత్యేక మిశ్రమం 1000 మి.గ్రా." అని కలిపి రాస్తే పక్కన పెట్టండి. గ్రీన్ టీ సారం మాత్రల్లో ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములకు చేరితే కాలేయం దెబ్బతినవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కప్పులో తాగే గ్రీన్ టీకి ఈ భయం అక్కర్లేదు. గార్సీనియా (మలబార్ చింత) మాత్రలతో కూడా కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. మానుపసుపు నుంచి తీసే బెర్బెరిన్ షుగర్ తగ్గించే మాట నిజమే. కానీ అది చాలా మందులతో గొడవపడుతుంది, గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు తీసుకోకూడదు. డాక్టర్‌కు చెప్పకుండా వాడే సరుకు కాదది.

"స్లిమ్మింగ్ టీ" పొట్లాల్లో ఎక్కువగా సునాముఖి ఆకు ఉంటుంది. బతుకమ్మలో పేర్చే తంగేడుకు అది దగ్గరి చుట్టమే. అది విరేచనాల మందు. మర్నాడు కాంటా మీద తగ్గేది నీళ్లు, కొవ్వు కాదు. రోజూ తాగితే పొటాషియం పడిపోయి కాళ్లు పీకుతాయి, గుండె దడ వస్తుంది.

వారం తిరక్కుండానే ఆకలి పూర్తిగా చచ్చిపోయి, గుండె దడ, నిద్ర పట్టకపోవడం మొదలైతే ఆ పొడిలో మొక్కలే ఉన్నాయని నమ్మకండి. సిబుట్రమిన్ అనే ఆకలి చంపే మందును మన దేశం 2011లో నిషేధించింది, గుండెకు ప్రమాదమని. మూలికల పేరుతో అమ్మే బరువు పొడుల్లో దాన్ని రహస్యంగా కలపడం చాలా దేశాల్లో పట్టుబడింది. ఇంకో సంగతి, షుగర్ జబ్బును, ఊబకాయాన్ని నయం చేస్తామని మందులకు ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. కాబట్టి "షుగర్ మాయం, గ్యారంటీ" అని అరిచే ప్రకటన కనిపిస్తే, ఆ అమ్మేవాడు చట్టాన్ని పట్టించుకోని మనిషని అక్కడే తెలిసిపోతుంది.

పన్నెండో వారం

మొదటి రోజు కొలిచిన నడుము, బరువు క్యాలెండర్ మీద రాసి ఉంటే ఇప్పుడు పని సులువు. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు ముందే చేయిస్తే డబ్బు దండగ, ఎందుకంటే అది రెండు మూడు నెలల సగటు చూపిస్తుంది. నడుము మూడు నాలుగు సెంటీమీటర్లు తగ్గినా, హెచ్‌బీఏ1సీ గానీ చెడు కొలెస్ట్రాల్ గానీ కిందికి వచ్చినా కొనసాగించండి. ఏదీ కదలకపోతే మోతాదు పెంచడం, ఇంకో పొడి జోడించడం చేయకండి, ఆపేయండి.

గడువుకు ముందే ఆపాల్సిన సందర్భాలూ ఉన్నాయి. కళ్లు, మూత్రం పచ్చబడటం, కుడి డొక్కలో నొప్పి, ఒంటి మీద దద్దుర్లు, పొట్ట బిగుసుకుని మలం, గ్యాస్ రెండూ ఆగిపోవడం. వీటిలో ఏది వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పోయేటప్పుడు డబ్బాను, పొట్లాన్ని సంచిలో వేసుకుని పొండి. "ఏం మందులు వాడుతున్నావమ్మా?" అని డాక్టర్ అడిగితే మూలికలు మందుల లెక్కలోకి రావనుకుని చాలామంది "ఏం లేవు సార్" అంటారు. బల్ల మీద ఆ డబ్బా పెట్టి చూపించండి.